సెడ్రిక్ ముక్కు ఒప్పుకోవాలి

సెడ్రిక్ ఔట్రామ్‌కి ఎక్కడికి వెళ్ళినా చెమ్మ వాసన పట్టే అలవాటు. పెళ్ళికి పిలిస్తే ముందు చర్చి గోడల్ని ముక్కుతో పలకరించి, ఆ తర్వాతే పెళ్ళికూతురి వంక చూసేవాడు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు చెయ్యి కలపబోతే, "ఒక్క నిమిషం ఆగండి" అని, ఆయన వెనక మూలకి వంగి గట్టిగా గాలి పీల్చి, "పైన గొట్టం కారుతోంది" అన్నాడు. నెల తిరక్కుండా ఆ మూలనుంచి ఇంత పెచ్చు ఊడి సరిగ్గా చందాల పెట్టె మీద పడింది. ఆ రోజునుంచీ పికరింగ్ ఊళ్ళో ఆ ముక్కుకి ఎదురు లేదు.

పికరింగ్ అంటే ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, వానకీ వానకీ మధ్య కూడా వాన పడే ఊరు. కారు వెనక తగిలించుకుని సముద్రం ఒడ్డుకి లాక్కుపోయే చక్రాల ఇల్లు, కారవాన్ అంటే అక్కడివాళ్ళకి ప్రాణం. పాతది కొనాలంటే మాత్రం చచ్చే భయం. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల గోడచెక్క టీలో ముంచిన బిస్కట్టయి ఉంటుంది. అందుకని సెడ్రిక్ ముక్కు ఒప్పుకోనిదే ఊళ్ళో ఎవరూ బేరం ముగించరు. ఆయనేమైనా వడ్రంగా అంటే కాదు, బస్సు నడిపి రిటైరైన మనిషి. చెమ్మ కొలిచే మిషన్ ఒకటుందయ్యా అని ఎవరైనా చెబితే, "దానికెప్పుడైనా జలుబు చేసిందా? మరి అదేం ముక్కు?" అనేవాడు.

పరీక్ష పెట్టడం చూస్తే గుళ్ళో పూజలా ఉండేది. బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో నేలంతా మెల్లగా తొక్కేవాడు, ఎక్కడ మెత్తగా దిగుతుందోనని. కిటికీల చుట్టూ బొటనవేలితో నొక్కేవాడు. చివరికి బట్టల బీరువాలో దూరి తలుపు వేసుకునేవాడు. లోపలినుంచి బుస్సుమని శ్వాస తప్ప ఇంకేమీ వినపడేది కాదు. అమ్మేవాళ్ళు బయట టీ కప్పులు పట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లా నిలబడేవాళ్ళు.

పక్కింటి ఫిలిస్‌కి ఆయనంటే దేవుడితో సమానం. బళ్ళో వంటమనిషిగా చేసి మానేసిన ఫిలిస్‌కి చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక. ఫైలీ ఊళ్ళో సముద్రం ఒడ్డున, తన సొంత కారవాన్‌లో, కిటికీ తెరుచుకుని అలల చప్పుడు వింటూ నిద్రపోవాలి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఈ వేసవి దాటితే ఇక లేనట్టే అనుకుంది. అందుకే ఏ కారవాన్ అమ్మకానికి వచ్చినా సెడ్రిక్‌ని కారులో కుక్కి తీసుకుపోయేది. ఆయన ప్రతిదాన్నీ కొట్టిపారేసేవాడు.

ఒకచోట తలుపు తియ్యగానే కమ్మగా పందిమాంసం బేకన్ వేగిన వాసన. ఫిలిస్‌కి నోరూరింది. సెడ్రిక్ మెట్టు కూడా ఎక్కలేదు.

"పద, పోదాం."

"లోపలికైనా వెళ్ళలేదేంటయ్యా?"

"ఎవరూ ఉండని కారవాన్‌లో పొద్దున్నే బేకన్ వేయించారంటే ఏదో దాస్తున్నారన్నమాట."

అమ్మే మనిషి ముఖం బీట్‌రూట్‌లా అయిపోయింది. ఫిలిస్ లోపలికెళ్ళి మంచం ఎత్తి చూస్తే కింద చెక్కంతా బూజు. ఆశ్చర్యంతో నోరు మూయడం మరిచిపోయింది.

ఆఖరికి కారవాన్ అమ్మకానికి పెట్టిన వినిఫ్రెడ్ అనే ఆవిడ ఇంటికి వెళ్ళారు. మీగడరంగు మీద ఆకుపచ్చ చార, కడిగిన ముత్యంలా ఉంది కారవాన్. ఫిలిస్ మనసు అక్కడే పడిపోయింది.

"మా ఆయన ఆర్థర్ కొన్నాడండీ," అంది వినిఫ్రెడ్. "ఆయన పోయాక తలుపు తియ్యలేదు. నాకేమో కారు నడపడం రాదు. ఇంకా ఎన్నాళ్ళు పెట్టుకుంటావని మా అక్క రోజూ దెప్పుతోంది."

సెడ్రిక్ నేల తొక్కాడు, గోడలు నొక్కాడు, బీరువాలో దూరాడు. ఈసారి ఎంతకీ బయటికి రాడే. ఫిలిస్ దేవుళ్ళందరికీ మొక్కుకుంది. చివరికి తలుపు తెరుచుకుంది.

"చెమ్మ," అన్నాడు సెడ్రిక్.

"ఎక్కడ?" అంది ఫిలిస్, ఏడుపొక్కటే తక్కువ.

"అంతటా. ఊరికే ఇచ్చినా తీసుకోకు."

ఫిలిస్ తనే గోడని నొక్కి చూసింది. రాయిలా ఉంది. మొదటిసారి ఆమెకి ఆ ముక్కు మీద అనుమానం వచ్చింది. వినిఫ్రెడ్ వంక చూస్తే, కోపం రావాల్సిన మనిషి మెట్టు మీద కూలబడి, "అయితే ఎవరూ కొనరన్నమాట," అంటోంది, గుండెల మీద బరువెవరో దించినట్టు.

"దీనికి మందు ఒకటే," అన్నాడు సెడ్రిక్ బూట్లు తొడుక్కుంటూ. "సముద్రపు గాలి. వేసవంతా ఫైలీలో పెట్టి కిటికీలు తెరవాలి. లాక్కెళ్ళడానికి కారున్న మనిషి ఉండాలి. ఏ కిటికీ ఎలా తెరుచుకుంటుందో తెలిసిన మనిషి లోపలుండాలి."

"నాకు కారు లేదే," అంది వినిఫ్రెడ్.

సెడ్రిక్ మబ్బులకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నాకుంది," అనేసింది ఫిలిస్.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఫిలిస్ ఆయన్ని నిలదీసింది. "ఆ గోడలో చుక్క చెమ్మ లేదు. నిజం చెప్పు."

"లేదు. నేనింతవరకూ చూసిన వాటిల్లో అంత పొడి కారవాన్ లేదు."

"మరి నా నోటి దగ్గరది ఎందుకు లాగేశావయ్యా?"

"తలుపే తియ్యలేదందిగా ఆవిడ. లోపలంతా ఇప్పుడే కాల్చిన రొట్టె వాసన. బీరువాలో ఆయన కోటు, బ్రష్ చేసి తగిలించి ఉంది. రోజూ అక్కడ కూర్చుని టీ తాగుతోంది, ఫిలిస్. ఆవిడ దగ్గర్నుంచి దాన్ని నీచేత ఎలా కొనిపించమంటావు?"

చెమ్మ వాసన పట్టే ముక్కు అనుకుంది ఫిలిస్ ఇన్నాళ్ళూ. అది ఇంత దూరం వెళ్తుందని ఎవరనుకున్నారు?

ఆ వేసవి ఫిలిస్ ఫైలీలో కిటికీ పక్కనే పడుకుంది. ఎంత తెరవాలన్న దాని మీద వినిఫ్రెడ్‌తో రోజూ పేచీ, ఆ పేచీ లేకపోతే ఇద్దరికీ నిద్ర పట్టదు. వేసవి చివర్లో సెడ్రిక్ తనిఖీకి వచ్చాడు. బూట్లు విప్పి, బీరువాలో దూరి, ఆర్థర్ కోటు పక్కన బుస్సుమని పీల్చి బయటికొచ్చాడు.

"ఇంకా ఉంది. వచ్చే వేసవి కూడా తేవాల్సిందే."

"మేం ఇప్పటికే చోటు చెప్పి ఉంచాం," అంది వినిఫ్రెడ్.

ఫిలిస్ వేడివేడి బేకన్ పళ్ళెం ఆయన ముందు పెట్టింది. సెడ్రిక్ దాని మీదికి వంగి వాసన చూసి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏం దాస్తున్నారు?"

"ఏమీ లేదు. నోరు మూసుకుని తిను," అంది ఫిలిస్.