అమీర్‌బీ అరవయ్యో పుట్టినరోజు

నల్లపాడు రైల్వేస్టేషన్ దగ్గర పరుపులు కుట్టే ఖలీల్‌ని ఎరగనివాళ్లు ఉంటారేమో గానీ, అతని భార్య అమీర్‌బీని ఎరగనివాళ్లు లేరు. ఆ చుట్టుపక్కల పెళ్లంటే పెళ్లికూతురి జాకెట్టు ఆమె మిషను మీదినుంచే రావాలి. కాలు మిషను మీద ఆడినంతసేపూ నోరూ ఆడుతూనే ఉంటుంది.

శనివారం ఆమెకి అరవై నిండుతాయనగా మనవరాలు అర్ఫా అడిగింది.

"నానమ్మా, నీకేం కావాలో చెప్పు. చీరా? చెవులకి దుద్దులా?"

"ఈత," అంది అమీర్‌బీ, దారం పళ్లతో తెంపుతూ.

అర్ఫా పకపకా నవ్వింది. ఖలీల్ మాత్రం నవ్వలేదు. అమీర్‌బీ పుట్టింది పొన్నూరు పక్క పల్లెలో, కాలవ గట్టున. బడి ఎగ్గొట్టి గేదెల తోకలు పట్టుకుని ఈదేదని అత్తగారు బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఆమెకి ఈదడానికి కాలవా లేదు, తీరికా లేదు.

గుంటూరులో ఆడవాళ్లకి విడిగా సమయం కేటాయించే ఈతకొలను ఒకటి అర్ఫా వెతికి పట్టుకుంది. దానికి వేరే డ్రెస్సు ఉండాలన్నారు. ఫోన్లో బుక్ చేస్తానంటే అమీర్‌బీ ఒప్పుకోలేదు.

"ఊరందరికీ కుట్టేదాన్ని, నాకు నేను కుట్టుకోలేనా?"

బ్రాడీపేట వెళ్లి నైలాన్ బట్ట తెచ్చి, ఒక్క పూటలో ఒళ్లంతా కప్పే డ్రెస్సు కుట్టేసింది. ఎక్కడా ఒళ్లు కనపడకూడదని మెడకీ, మణికట్టులకీ, చీలమండలకీ బిగుతుగా ఎలాస్టిక్ వేసింది. తంటా అంతా అక్కడే వచ్చింది.

శనివారం పొద్దున ఈత నేర్పే మెహర్, "ఆంటీ, మెట్ల మీంచి మెల్లగా దిగండి," అంటూనే ఉంది. నీళ్లు కనపడగానే అమీర్‌బీ చెవులు పనిచేయడం మానేశాయి. ధబ్బున దూకేసింది.

లోపల చిక్కుకున్న గాలికి బయటికి పోయే దారి లేదు. డ్రెస్సు బెలూన్‌లా ఉబ్బింది. అమీర్‌బీ వెల్లకిలా తేలి, ఖలీల్ కొట్లో కొత్తగా దూది కూరిన దిండులా నీళ్లమీద గుండ్రంగా తిరగసాగింది. చేతులు నీళ్లకి అందవు, కాళ్లు అందవు.

"అర్ఫా! నవ్వుతావేంటే, పట్టుకో!"

"ఎక్కడ పట్టుకోను నానమ్మా, అంతా గాలే!"

మెహర్ దూకి, మెడ దగ్గర ఎలాస్టిక్ లాగింది. బుస్సుమని గాలి పోయింది. అమీర్‌బీ బుడుంగుమని మునిగింది. గట్టుమీద అందరూ కేకలు వేసేలోపే తల పైకి వచ్చింది. ఆ వెంటనే, ఎవరూ చెప్పకుండానే, కాళ్లు కదిలాయి. చేతులు నీళ్లని పక్కలకి నెట్టాయి. ఆమె అవతలి గట్టు దాకా ఈదుకుంటూ వెళ్లి, గోడ పట్టుకుని, ఇటు తిరగకుండా కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏడుస్తున్నావా నానమ్మా?" అంది అర్ఫా, నవ్వు ఆపేసి.

"నీళ్లలో మందేదో కలిపారే, కళ్లు మండుతున్నాయి," అని ముక్కు చీది, మళ్లీ ఈదడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల సమయం అయిపోయాక ఆమెని బయటికి రప్పించడానికి మెహర్ బతిమాలాల్సి వచ్చింది.

ఇంటికొస్తే గుమ్మంలో గొర్రెల ఎరువు బస్తాలు. వాటి మీద కేకు డబ్బా.

"నా బహుమానం," అన్నాడు ఖలీల్.

"కేకా?"

"కేకు అర్ఫాకి. ఎరువు నీకు."

డాబా మీద పాత డ్రమ్ముల్లో ఆమె పెంచే వంగ, బెండ మొక్కల్ని చూసి, బరువుకి శ్లాబు కూలుతుందని ఇన్నేళ్లూ సణిగిన మనిషి అతను. అలాంటివాడు ఆ రోజు బస్తాలు తనే పైకి మోశాడు. సాయంత్రం దాకా ఇద్దరూ మట్టి తవ్వి, ఎరువు కలిపి, సొరగింజలు పెట్టారు. పొద్దుగూకేసరికి అమీర్‌బీ భుజాలు పట్టేశాయి. మర్నాడు లేచేసరికి తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవలేదు.

ఆ ఆదివారమే పక్క ఊళ్లో దర్గా ఉరుసు. ఆడవాళ్ల తాడులాగుడు పోటీలో నల్లపాడు జట్టుకి ఏటా చివర నిలబడేది అమీర్‌బీయే. అవతలి జట్టుకి, అంటే ఆ ఊరి జట్టుకి, నాయకురాలు సుబ్బరావమ్మ. మిరప రైతు, తన జాకెట్లన్నీ అమీర్‌బీ దగ్గరే కుట్టించుకునే మనిషి.

"ఏం వదినా, ఇవాళ కొయ్యలా నిలబడ్డావ్? ఓడిపోతానని భయమా?"

"భయమా? నీ ఊరినే లాక్కుపోతా చూడు," అంది అమీర్‌బీ. చేతులు లేవడం లేదని మాత్రం చెప్పలేదు. తాడు చివర నడుముకి చుట్టుకుని, మడమలు నేలలోకి దించింది.

ఇంతలో ఖలీల్ మైకు అందుకున్నాడు. "నిన్ననే అరవై నిండిన మా ఇంటావిడ అమీర్‌బీ..."

"ఓ మనిషీ! నా వయసు మైకులో చెబుతావా!"

జనం గొల్లుమన్నారు. ఈల మోగింది. కోపంతో అమీర్‌బీ వెనక్కి ఒరిగింది. ఆమె బరువుకి సుబ్బరావమ్మ జట్టు గీత దాకా జారుకుంటూ వచ్చింది. ఇంకొక్క అడుగు! సరిగ్గా అప్పుడే పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల మీదినుంచి గాలి తిరిగింది. అమీర్‌బీ ముక్కు చిట్లించింది, ఆపుకుంది, ఇక ఆపుకోలేక తుమ్మింది. ఆ తుమ్ము ముందున్న వాళ్లందరికీ అంటుకుంది. పొద్దస్తమానం మిరపకాయల్లోనే బతికే సుబ్బరావమ్మ జట్టులో ఒక్కరూ తుమ్మలేదు. ఒక్క లాగు లాగారంతే. నల్లపాడు జట్టంతా ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు.

సుబ్బరావమ్మ పరుగున వచ్చి అమీర్‌బీని లేపబోయింది.

"చేతులు పట్టుకోకు వదినా, చచ్చిపోతా! నడుం పట్టుకో!"

అప్పుడు బయటపడింది సంగతంతా. ఈత కథ విని సుబ్బరావమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

సాయంత్రం తినుబండారాల కొట్ల దగ్గర బల్లమీద కూలబడ్డ అమీర్‌బీ ముందు ఖలీల్ వేడి జిలేబీ పొట్లం పెట్టాడు.

"తిను."

"చెయ్యి నోటిదాకా వస్తే కదా!"

అతను అటూ ఇటూ చూశాడు. ఒక ముక్క తుంచి గబుక్కున ఆమె నోట్లో పెట్టాడు.

"ఒసేయ్, ఇటు చూడండే!" సుబ్బరావమ్మ కేక కొట్ల వరసంతా వినిపించింది.

ఖలీల్ చెవులు ఎర్రబడ్డాయి. పొట్లం మూసేయబోయాడు.

"వాళ్ల సంగతి వదిలెయ్," అని అమీర్‌బీ మళ్లీ నోరు తెరిచింది. "ఈసారి పెద్ద ముక్క పెట్టు."