మా అత్తా, నా బాడీ కొలతా

మా అత్తగారు పోయిన కబురు నా చేతుల మీదుగానే నాకు చేరింది. పోర్టు దగ్గర ఒక ఆఫీసులో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చోవడం నా ఉద్యోగం. పోయిన నెల ఒక పొద్దున ట్రంక్ కాల్ వచ్చింది. అవతల అత్తగారి ఊరి పోస్టుమాస్టరుగారు. "అక్కడ బోర్డు మీద మా ఊరి కోడలు పని చేస్తాది, ఒకసారి పిలుస్తారా అండీ" అన్నారు. "నేనేనండీ" అన్నాను. ఆయన గొంతు తగ్గించి "అమ్మా" అన్నారు. ఆ పిలుపులోనే నాకు తెలిసిపోయింది. "పెద్దామె తెల్లారగట్ల నిద్రలో పోనాదమ్మా. బాధేటీ పడనేదు" అన్నారు.

బాధ పడలేదన్న ఆ ఒక్క మాట పట్టుకుని బస్సులో కూర్చున్నాను. ఏడుపు వచ్చింది గానీ, దానితోపాటు మనసు కొంచెం తేలికపడింది కూడా. పక్కవాళ్ళు బాధపడుతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి ఆవిడ. ఆవిడకి ఆ మాత్రం దక్కాల్సిందే అనుకున్నాను.

ఆవిడ గురించి రాయాలంటే నేను బాడీల గురించి రాయాలి. జాకెట్టు లోపల ఆడవాళ్ళం వేసుకునే బాడీలే. మగ పాఠకులు మొహమాటపడితే పేజీ తిప్పేయవచ్చు. తిప్పకుండా చదివితే ఇంకా మంచిది, మీ ఇంట్లో వాళ్ళకి పనికొస్తుంది.

మా పుట్టింట్లో అందరికీ ఒకటే కొలత. అమ్మ ముప్పై ఆరు కొనుక్కునేది కాబట్టి నాకూ ముప్పై ఆరే, చెల్లికీ ముప్పై ఆరే. కొట్లో అమ్మేది మగవాళ్ళు. వెనకాల ఎవరూ లేకుండా చూసుకుని, పైకప్పుకేసి చూస్తూ నంబరు చెప్పేవాళ్ళం. అతను పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. సంచిలో వేసుకుని పరుగే. నంబరు పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉండేది. అది సరుకు రకం అనుకునేదాన్ని. అందుకని ఎప్పుడూ "ఏ ఇవ్వండి" అనేదాన్ని, మేలు రకం నాకెందుకు వద్దు?

పాప పుట్టాక ఆ ముప్పై ఆరు ముందువైపు పట్టలేదు. ముప్పై ఎనిమిది తెచ్చుకున్నాను. అది ముందు పట్టనూ లేదు, వెనకాల వదులై వీపు మీదికి ఎగబాకేది. దాన్ని ఆపడానికి భుజాల మీద పట్టీలు బిగించేదాన్ని. ఆ అవతారంతో రోజంతా చేతులు పైకెత్తి బోర్డులో తీగలు గుచ్చడం. మొదట భుజాలు నొప్పి, తరవాత మెడ, ఆ తరవాత తలనొప్పి. సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరెక్కేవి. డాక్టరుగారు ఎక్కడ నొప్పి అంటే, సిగ్గుతో మెడ చూపించాను. ఆయన ఒక లేపనం రాసిచ్చి, చేతులెత్తే పని మానేయాలన్నారు.

మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మీద పని చేసేవారు. మంచి మనిషే. "ఆరోగ్యం కంటే ఎక్కువేటి? ఒగ్గీ" అన్నారు. మానేయమని అంత సులువుగా అనేశారు. కానీ మా రెండు వైపులా నెల జీతం తెచ్చుకున్న ఆడది నేనే మొదలు. ఏ ఓడ ఎప్పుడొస్తుందో, రేవు బయట ఎన్నాళ్ళు ఆగుతుందో ఊరికంటే ముందు నాకు తెలిసేది. ఆ బోర్డు ముందు కూర్చుంటే నేనూ ఒక మనిషినని అనిపించేది. స్నానాల గదిలో నీళ్ళు వదిలేసి ఏడ్చేదాన్ని.

అత్త అప్పటికి పాపని చూడటానికి వచ్చి మద్దిలపాలెంలో మా అద్దె వాటాలో ఉంటోంది. ఆవిడకి ఈ ఊరు అసలు పడలేదు. కుళాయి నీళ్ళు తాగితే దాహం తీరదనేది. గేదెని ఎవరి పాలో చేసి వచ్చానని రోజూ దాన్ని తలుచుకునేది. చుట్ట వెలిగించి నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతుంటే పక్క వాటా పిల్లలు వింతగా చూసేవారు. నేను ఉద్యోగం మానేస్తే ఆవిడకి ఇల్లు చేరే దారి దొరికినట్టే. కొడుకు ఆ మాట అన్న సాయంత్రమే తన చీరలు సంచిలో సర్దుకుంది. ఆవిడని తప్పుపట్టను, నేనైనా అదే చేసేదాన్ని.

మర్నాడు నూనె వేడిచేసి, భుజాలు రుద్దుతాను రమ్మంది. జాకెట్టు విప్పాను. రుద్దబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ఇదేటే అమ్మీ, కావిడి మోసినోడికి పడ్డట్టు గీతలు పడిపోనాయి? ఆపీసులో బస్తాలేటైనా మోయిత్తన్నారేటి?"

"బస్తాలు కావత్తా. బాడీ పట్టీలు."

"ఏదీ, అట్రా."

ఆవిడ జన్మలో బాడీ వేసుకోలేదు. మా అత్తవారి ఊళ్ళో ఆవిడ వయసువాళ్ళలాగే, జాకెట్టు కూడా వేసుకునేది కాదు, చీరే చుట్టుకునేది. నా బాడీని చాపలా పరిచి, తిప్పి, లాగి చూసింది. తరవాత దాన్ని పక్కన పెట్టి నా మొహం చూసింది.

"మావోడు ఒగ్గీమన్నాడు సరే. నీ మనసులో ఏటుంది?"

నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. "మానాలని లేదత్తా" అన్నాను.

"అయితే మానకు. దీని సంగతి నాను సూత్తాను."

చూసింది. నాకు చెప్పకుండా పాపని చంకనేసుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి, కొట్టువాడికి రెండు చేతులతో ఆకారం చూపించి ఒకటి తెచ్చింది. అందులో నేనూ మా ఆయనా ఇద్దరం పట్టేవాళ్ళం. అత్తా నేనూ నేల మీద కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాము. ఎన్ని నెలలైందో అలా నవ్వి.

ఆదివారం నన్నూ పాపనీ వెంటబెట్టుకు వెళ్ళింది. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "మామ్మా, సూపులోనే సైజు సెప్పేత్తాను, కొత్తా నాకు?" అన్నాడు. నేను తల దించేసుకున్నాను.

"నీ సూపు నీకాడే ఎట్టుకో నాయినా. ఏసుకు సూడకుండా ఎలగ తెలుత్తాది? నీకు పెళ్ళవనేదేటి? మీ ఆడమనిసిని పిలు."

"ఇయి ఏసి సూసుకునే సరుకు కాదు మామ్మా. ముందు ఆ చుట్ట ఆర్పు, బట్టల కొట్టు!"

అత్త చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది, కొట్టు గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వచ్చేపోయే వాళ్ళందరూ ఆవిడని దాటుకుని వెళ్ళాల్సి వచ్చింది. "ఆడకూతురి సేతులు పడిపోతన్నాయి బాబూ. నానెల్లను" అంది, గట్టిగా కూడా కాదు. చివరికి అతనే విసుక్కుంటూ వెనక వాటాలోంచి భార్యని పిలిచాడు.

ఆవిడ మా ఇద్దరినీ అట్టపెట్టెలు పేర్చిన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. టేపు తెచ్చింది. కింద చుట్టూ కొలిచి, తరవాత నిండుగా ఉన్నచోట కొలిచి, "ఏటమ్మా, చుట్టుకొలత ఇంత తక్కువుంటే ముప్పై ఎనిమిది ఏసుకున్నావ్?" అంది. పక్కన అక్షరం గిన్నె లోతుకట, రకానికి కాదట. నేను మేలు రకం కథ చెబితే ఆవిడ పెట్టెల మీద వాలిపోయి నవ్వింది. తనూ పెళ్ళయిన కొత్తలో అలాగే అనుకుందట.

ఒకటి వేశాం, కాదు. ఇంకొకటి, కాదు. ప్రతిదానికీ అత్త నా చేత కసరత్తు చేయించింది. "సెయ్యెత్తు. ఆపీసులో ఎత్తినట్టెత్తు. వంగు. పాపనెత్తుకో. ఊపిరి తియ్యి." చెయ్యెత్తగానే వెనక పట్టీ పైకి జరిగితే, "ఇప్పీ" అనేది. చివరికి ముప్పై నాలుగు, డి. వెనక పట్టీ కిందనే కూర్చుంది. బరువంతా నడుము పైన ఆ పట్టీ మీదికి దిగింది. భుజాల మీద వేలు పట్టేంత వదులు. చెయ్యెత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. ఏదీ కదల్లేదు, ఏదీ కోయలేదు. ఒక పెద్ద ఊపిరి వచ్చింది, దాని వెనకాలే ఏడుపు వచ్చింది.

"బిగుతుగుందేటే?" అని కంగారు పడింది అత్త.

"లేదత్తా. ఏసుకున్నట్టే లేదు."

"మరదే. ఒంటికి తెలీకూడదు. తెలిత్తే అది బట్ట కాదు" అంది. ఆ మాట తరవాత పాప గౌన్లకీ, నా చెప్పులకీ, తన కొడుకు లాగులకీ కూడా అనేది.

ఇంటికొచ్చాక సంచిలోంచి తన చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. నేను చూశానని ఆవిడకి తెలుసు. పాప బడికి వెళ్ళేదాకా ఆ కుళాయి నీళ్ళని తిట్టుకుంటూనే మా దగ్గర ఉండిపోయింది. నేను ఇవాళ ఈ ఉద్యోగంలో ఉన్నానంటే అందుకే. మా ఆఫీసు ఆడవాళ్ళు ఒకరొకరుగా ఆ కొట్టుకి వెళ్ళారు. ఇప్పుడక్కడ గదికి తెర కట్టి, అద్దం పెట్టారు.

పోయిన నెల నేను ఊరు చేరేసరికి ఆవిడకి స్నానం చేయించేశారు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలావిడ, పదిమంది వస్తారు బాగుండదని, కొత్త జాకెట్టు తొడిగించింది. అది చిన్నదై చంకల దగ్గర బిగిసిపోయింది. ఇద్దరు కలిసి ముందు హుక్కు పెట్టడానికి రెండు వైపులనుంచీ లాగుతున్నారు.

"వొద్దు, ఇప్పీండి" అన్నాను.

"పోయినావిడికి బిగుతేటి, వొదులేటి?" అంది ఒకావిడ.

నేను అత్త పక్కన కూర్చుని, చేతులు ఒక్కొక్కటీ మెల్లగా ఎత్తి, ఆ జాకెట్టు ఊడదీశాను. మెత్తబడ్డ పాత నేత చీర తెచ్చి, బతికున్నప్పుడు కట్టినట్టే చుట్టి, కొంగు భుజం మీదికి వేశాను. అత్తని అక్క వరసలో 'అప్పా' అని పిలిచే తోడికోడలు దగ్గరకొచ్చి, మొహం మీద పడ్డ ముగ్గుబుట్ట లాంటి జుట్టు వెనక్కి సవరించి, చాలాసేపు చూసింది.

"ఇప్పుడు మా అప్పలాగుంది" అంది.