కోట కాదు సార్, పరంజా

మస్కట్‌లో, ఘుబ్రాలో నేను వంటపనీ ఇంటిపనీ చేసిన సారువాళ్లది స్కాట్లాండ్. అక్కడ పల్లెలో సారుకు తాతలనాటి ఇల్లొకటి ఉంది. ఉంటే ఉండనీ, ఎవరికి లేదు? కానీ మా సారుకు అది ఇల్లంటే చాలేది కాదు. ఒకప్పుడు అది కోట అయి ఉండవచ్చని ఆయన పట్టు. ఆ ఇంటి చరిత్రను పుస్తకంగా రాస్తున్నానని, ఆఫీసు నుంచి రాగానే హాల్లో పెద్ద బల్ల నిండా ఫొటోలూ నక్షలూ పరుచుకుని కూర్చునేవాడు. ఆ బల్ల మీద దుమ్ము తుడవడానికి కూడా నాకు హక్కు లేదు. పొరపాటున ఒక కాగితం జరిగితే ఒక తాతగారు తప్పిపోతాడట.

‘అయి ఉండవచ్చు’ అన్న ఒక్క మాటను పట్టుకుని మనిషి ఏళ్లకేళ్లు బతకగలడని ఆయన్ను చూశాకే నాకు తెలిసింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. పాపం, వాళ్లకు తెలియదు. నేను సమోసాలు తెచ్చేసరికి కథ ఆ పాత ఇంటి వంటింటి గోడ దగ్గరికి వచ్చేది, టీ తెచ్చేసరికి కన్నాల దగ్గరికి. ఎందుకంటే సాక్ష్యాలు ఆ రెండే. వంటింటి గోడ నాలుగు మూరల మందం. వెనకగోడకు వరసగా చదరపు కన్నాలు. ఆ కన్నాల్లోంచి శత్రువుల మీద బాణాలు వేసేవారట! ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అనేది మనవాళ్ల సొంతమనుకునేదాన్ని. కాదు తల్లీ, స్కాట్లాండ్ తాతలు కూడా బాగానే తాగారు.

మాది కడప జిల్లా. మా నాయన రాళ్ల పనివాడు. బండల గని పక్క గుడిసెలో పుట్టాను. ఎనిమిదో ఏట నుంచి గోడ కట్టేచోట మన్ను మోశాను, పరంజా ఎక్కాను, ఆ ఎక్కడంలోనే పదో తరగతి తప్పాను. అందుకే ఆ ఫొటోలు మొదటిసారి చూసినప్పుడే నాకు నవ్వాగలేదు. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అయినా నన్నెవరడిగారు? ఉప్పెక్కడుంది, ఇస్త్రీ అయిందా అని తప్ప ఆ ఇంట్లో తొమ్మిదేళ్లలో నన్నెవరూ ఏదీ అడగలేదు.

నేనక్కడ చేరిన తొమ్మిదో ఏట నా కూతురు కడుపుతో ఉంది. మొదటి కాన్పు. మాలో మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. తల్లే వెళ్లి పిల్లను తెచ్చుకోవాలి, తల్లే నీళ్లు పోయాలి. నా మొగుడు పోయి చాలాకాలమైంది, నేను వెళ్లకపోతే మా ఇంట్లో తలుపు తీసేందుకు కూడా ఆడదిక్కు లేదు. ఏడో నెలకల్లా లీవ్ కావాలని ముందే చెప్పాను. టికెట్ సారు తీయాలి, ఆయన సరే అనాలి. సరే అన్నాడు. అంతలో పాత కట్టడాల గురించి బాగా తెలిసిన ఒక పెద్దమనిషి ఒమన్ కోటలు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనది కూడా సారు దేశమే.

“ఆయన భోజనానికి వస్తాడు. నీ బిర్యానీ లేకుండా ఎలా? అది కాగానే నువ్వు వెళ్లొచ్చు” అంది మేడం.

ఆ మహానుభావుడు వచ్చే నెల అన్నాడు. ఆ నెల రాగానే మళ్లీ వచ్చే నెల అన్నాడు. అక్కడ నా కూతురికి ఎనిమిది పోయి తొమ్మిది వచ్చింది. ఎద్దు పుండు కాకికి ముద్దా? నేను రోజూ గుర్తుచేస్తే మేడం రోజూ నవ్వుతూ తలూపేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

చివరికి ఒక శుక్రవారం ఆ పెద్దమనిషి వచ్చాడు. ఈయన పోగానే ఇంకొకరి భోజనం అంటారని నాకు తెలుసు, అందుకే ఆ పూట నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. కోట కాదని తేలిపోతే పుస్తకం ఉండదు, పుస్తకం లేకపోతే భోజనాలుండవు, నేను హాయిగా ఇంటికి పోతాను. ఎంత తెలివి! ఈ మాట మా డ్రైవర్‌తో అన్నాను. జగిత్యాల దిక్కు మనిషి, నన్ను సొంత అక్కలా చూసుకునేవాడు.

“అక్కా, నీకెందుకే గా లొల్లి? అది కోటైతే నీకేంది, బర్ల కొట్టమైతే నీకేంది? సప్పుడు జెయ్యక బిర్యానీ వెట్టి రా” అన్నాడు.

వింటేనా! నేను బిర్యానీ పెట్టి, అక్కడే నిలబడ్డాను. పెద్దమనిషి ఫొటోలు తిరగేస్తూ “ఊఁ” అంటున్నాడు. మా సారు ముఖం పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లాడిలా ఉంది. ఆ “ఊఁ” ఎటూ తేలకపోయేసరికి సారు నావైపు తిరిగి వేళాకోళంగా అన్నాడు. “మా వంటమనిషి ఊరి వైపు కూడా కోటలున్నాయట. ఏమ్మా, నువ్వు చెప్పు, ఇది కోటేనా?”

అందరూ నవ్వారు. నాకు చర్రుమంది.

“కోట కాదు సార్” అన్నాను. నాకొచ్చిన వంటింటి ఇంగ్లీషు, చేతులు రెండూ కలిపి చెప్పుకొచ్చాను. “అవి బాణాలేసే బొక్కలు గాదు. మనిషి తల బట్టదు, చెయ్యి తిరగదు, బాణం యాడ ఏస్తాడు సార్? గోడ పైకి లేచేకొద్దీ పరంజా కట్టెలు దూర్చేదానికి పెట్టుకుంటారు. పనయినాంక పూడ్చాల. మీ పనోళ్లు పూడ్చకుండా పోయినారు. గోడ లావంటారా, సున్నం మీద నమ్మకం లేనోడు గోడ లావుగా కడతాడు.”

ఆ పెద్దమనిషి పగలబడి నవ్వి, “ఆమె చెప్పింది నిజం. ఎలా చెప్పాలా అని నేను గంట నుంచి చూస్తున్నాను” అన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సారు ముఖం మాడిపోయింది. నేను పళ్లాలు తీసుకుని లోపలికి వచ్చేశాను. మనసులో అప్పుడే పెట్టె సర్దేసుకున్నాను.

రెండు రోజులు సారు ఆ బల్ల దగ్గరికే రాలేదు. మూడోరోజు నన్ను హాల్లోకి పిలిచి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ హాల్లో కుర్చీలు తుడిచాను గానీ కూర్చున్నది లేదు.

“పుస్తకం మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. కోట కాకపోతే మరి ఎవరు కట్టారు, ఎలా కట్టారు? నువ్వు ఒక్కో ఫొటో చూసి చెప్పాలి. రెండు వారాలు చాలు. తర్వాత నేనే నిన్ను విమానం ఎక్కిస్తాను” అన్నాడు.

నేను కుదరదనాలి కదా? అనలేదు. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా ఐదు వారాలుందని లెక్క చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాకు బాగుంది. ఇప్పటిదాకా ఆయన్ను చూసి నవ్వాను గదా, ఇప్పుడు నన్ను చూసి నవ్వండి. రోజూ సాయంత్రం ఆయన ఫొటో చూపడం, నేను “ఈ మూల తర్వాత కట్టినారు సార్, రాయి చూడండి” అనడం, ఆయన రాసుకోవడం! మా నాయన చెప్పినవన్నీ చెప్పాను. మేడమే నాకు టీ తెచ్చి ఇచ్చింది. రెండు వారాలు మూడయ్యాయి. ఈసారి వాయిదా వేసింది సారు కాదు, మెట్ల సంగతి మిగిలిపోయిందని నేనే అన్నాను. కూతురు ఫోన్ చేస్తే “ఇంగో వారం తల్లీ” అని పెట్టేసేదాన్ని.

ఆ మెట్ల సంగతి చెబుతుండగానే ఒకరోజు ఫోన్ మోగింది. కూతురు. మంచి పట్టులో ఉన్నాను, సారు కలం పట్టుకుని ఉన్నాడు. కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను.

రెండు గంటల తర్వాత వంటింట్లోకి వచ్చి ఫోన్ చేస్తే నా కూతురి అత్తగారు ఎత్తింది.

“ఆడపిల్ల పుట్టింది వదినా. తల్లీబిడ్డా బాగుండారు” అంది. అప్పటికప్పుడు నొప్పులొచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారట. “లోపలికి తీస్కపోయేముందు మాయమ్మతో ఒక్కమాట మాట్లాడాల అని ఒకటే ఏడుపు. రెండుతూర్లు చేసింది. నువ్వు కట్ చేసినావంట. అంత అర్జంటు పనిలో ఉండావా వదినా?”

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది.

“పనేం లేదు వదినా” అన్నాను.