లాడ్జిలో తేరిన వంశధార

శుభ్రమైన నీళ్ళు పట్టుకెళ్ళినందుకు నీటి శుద్ధి పరీక్షలో తప్పిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడని నా నమ్మకం. ఇంకెవరైనా ఉంటే ముందుకు రమ్మనండి, ఇద్దరం కలిసి సంఘం పెట్టుకుంటాం. అంతవరకూ ఆ సంఘానికి అధ్యక్షుడినీ, కార్యదర్శినీ, ఏకైక సభ్యుడినీ నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు మాత్రం నీళ్ళు తాగుతూ చదవకండి, పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి నేను వంశధార ఒడ్డున ఉన్న మంచినీటి ప్లాంటులో హెల్పరుని. నదిలోంచి నీళ్ళు తోడి, పటిక కలిపి, బురదని అడుక్కి దించి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్ వేసి కళింగపట్నం దాకా ఊళ్ళకి పంపడం మా పని. మా పని అని గొప్పగా అంటున్నాను గానీ, నిజానికి ఆ పని అప్పన్న మావది. నేను పటిక బస్తాలు మోసేవాడిని. ఐటీఐ చదివాను కాబట్టి జేబులో పెన్ను పెట్టుకుని మోసేవాడిని, అంతే తేడా.

అప్పన్న మావ నాకు చుట్టమేమీ కాదు, ప్లాంటులో అందరికీ ఆయన మావే. ముప్ఫై ఏళ్ళుగా ఆపరేటరు కుర్చీలో ఉన్నాడు. పొద్దున్నే నది నీళ్ళు గ్లాసులో పట్టి, వెలుగుకి ఎత్తి చూసి, రెండు వేళ్ళ మధ్య రాసి, "ఈయేల మూడు బస్తాలు" అనేవాడు. మేం మీటరు పెట్టి, కాగితం మీద లెక్కలు కట్టి, తల గోక్కుని, చివరికి మూడు బస్తాల దగ్గరే తేలేవాళ్ళం.

అలాంటి మావకి ఒక రోజు పైనుంచి కాగితం వచ్చింది. సర్టిఫికేటు లేనివాళ్ళు ఇకమీదట ఆపరేటరు కుర్చీలో కూర్చోకూడదు, షిఫ్టు పుస్తకంలో సంతకం పెట్టకూడదు. శ్రీకాకుళంలో మా ఇద్దరికీ పది రోజులు శిక్షణ, ఆఖరి రోజు పరీక్ష. పాసైతే నేను హెల్పరు నుంచి ఆపరేటరునవుతాను. తప్పితే మావ, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగా, కుర్చీ వదిలి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాలి.

"ఒరే సూరీ, ముప్పయ్యేళ్ళల్లో ఆ ఏరు నన్నెప్పుడూ కాయితం అడగలేదురా. ఈలకేటి వచ్చింది?" అన్నాడు మావ.

"నానున్నాను కదా మావా. నాను నేర్పుతాను నీకు" అన్నాను.

ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

పరీక్ష మూడు ముక్కలు. కంప్యూటరు మీద ప్రశ్నలు, నోటితో చెప్పే ప్రశ్నలు, మూడోది బీకర్ల పరీక్ష. ఆరు బీకర్లలో నది నీళ్ళు పోసి, ఒకదానిలో పటిక వెయ్యకుండా వదిలేసి, మిగతా అయిదింటిలో కొద్ది కొద్దిగా పెంచుకుంటూ వెయ్యాలి. గబగబా కలిపి, తర్వాత మెల్లగా కలిపి, ఆపి చూడాలి. తక్కువ పటికతో ఏ బీకరు తేటపడిందో అదే ఆ రోజుకి సరైన మోతాదు. వినడానికి ఎంత సులువు. శిక్షణలో నేను ఎనిమిదిసార్లు చేస్తే ఎనిమిదిసార్లూ ఆరు బీకర్లూ పులుసులాగే మిగిలాయి. మావ ఒక్కసారి చేశాడు, ఒక్కసారికే కుదిరింది. అయినా గురువుని నేనే.

పైగా పరీక్షకి ఇద్దరిద్దరు ఒక జట్టు. ఎవరి ప్లాంటు నది నీళ్ళు వాళ్ళే ఇరవై లీటర్ల క్యానులో తెచ్చుకోవాలి. మాకు సరిగ్గా అప్పుడే వంశధారకి వరద వచ్చింది. పరీక్ష ముందు రోజు ప్లాంటుకి వెళ్ళి క్యాను నింపుతుంటే అంబలి పోస్తున్నట్టే ఉంది.

"మావా, ఈ బురద ఎప్పటికి తేరతాది?"

"పిచ్చోడా, బురద నీల్లే మేలురా. మట్టి ఉంటే పటిక దాన్ని పట్టుకుని దిగిపోతాది. తేట నీల్లతోటే సిక్కు. పట్టుకోడానికి దానికేటీ దొరకదు."

ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉచితంగా చెవిలో పోస్తుంటే, నేను పెద్దాయన చాదస్తం అనుకున్నాను. బురద నీళ్ళు కష్టం, తేట నీళ్ళు సులువు. ఇంత చిన్న విషయం మావకి తెలీదే అని జాలి పడ్డాను కూడా.

శ్రీకాకుళం తిరిగొచ్చాక మావ అక్కడే ఉన్న కూతురింటికి వెళ్ళాడు. నేను క్యానుతో పక్కనే అరసవల్లిలో ఒక లాడ్జిలో దిగాను. సాయంత్రం మంచం మీద నేనూ, నేల మీద క్యానూ, ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం. అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. వెనకటికి ఏటి నుంచి నీళ్ళు మోసుకొచ్చాక, చిల్లగింజని, మా వైపు చిల్లపిక్క అంటారు, రాయి మీద అరగదీసి కుండలో కలిపేది. కాసేపటికి మట్టి దిగి నీళ్ళు తేటపడేవి. వెంటనే ఫోను చేశాను.

"మామ్మా, సిల్లపిక్క ఎంత ఎయ్యాల?"

"ఏ నీల్లకిరా?"

"ఏటి నీల్లకి. ఒక క్యానుడు."

"ఒక పిక్క అరగదీస్తే సాలు. అయినా నీకేటి పని, ఆ ప్లాంటులో మిసన్లు పాడైపోనాయేటి?"

"పరీచ్చకి మామ్మా."

"ఓలమ్మ, నా మనవడికి గవర్నమెంటోలు సిల్లపిక్క పరీచ్చ ఎట్టినారు" అని పక్కింటావిడకి చెప్పడం ఫోనులో వినిపించింది.

గుడి దారిలో మూలికలమ్మే కొట్లో చిల్లగింజలు దొరికాయి. నాయనమ్మ ఒకటి చాలంది. నేను చదువుకున్నవాడిని కదా, భద్రత కోసం రెండు అరగదీశాను. బకెట్టు మగ్గుతో కలిపి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా ఆలోచన మీరు మెచ్చుకుని తీరాలి. నీళ్ళు ముందే తేటగా ఉంటే, రేపు ఆరు బీకర్లూ తేటగా ఉంటాయి. ఏ బీకరు చూపించినా ఒప్పే. తప్పు జవాబు అనేదే లేని పరీక్ష.

తెల్లారి చూస్తే మట్టంతా అడుగున గట్టిగా పేరుకుపోయింది. పైన కొబ్బరినీళ్ళు. ఆ పైనీళ్ళు జాగ్రత్తగా లాడ్జివాళ్ళనడిగి తెచ్చుకున్న ఇంకో క్యానులోకి వంపుకుని, అడుగున ఉన్న వంశధారని లాడ్జి బాత్‌రూములో పారబోశాను. ఈల వేసుకుంటూ ఆటో ఎక్కాను.

పరీక్ష హాలు వరండాలో క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో రకం మట్టి రంగు. చివర మాది, గర్భగుళ్ళోంచి తెచ్చిన తీర్థంలా మెరుస్తోంది. మావ పొందూరు ఖద్దరు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చాడు. క్యాను చూశాడు.

"మన నీల్లేవిరా?"

"ఇయ్యే మావా."

"ఇవి మనవి కావు."

"మనవే మావా. కొంచెం సాయం సేసినాను, అంతే."

సంగతి విన్నాక మావ మెట్ల మీద కూలబడ్డాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నిన్న నాను సెప్పినమాట గాలికి పోనాదా" అని మాత్రం అన్నాడు. ఇంతలో కంప్యూటరు ప్రశ్నలకి ఆయన్ని పిలిచారు. వెళ్తూ వేలెత్తి చెప్పాడు. "నాను వచ్చేదాకా ఆ క్యాను ముట్టుకోకు. మేడం గారికి ఉన్నదున్నట్టు సెప్పీద్దాం. ఇన్నావా?"

విన్నాను. వినడం వరకూ విన్నాను. మావ లోపలికి వెళ్ళగానే నా కళ్ళు వరండాలోని పూలకుండీల మీద పడ్డాయి. కుండీల నిండా మట్టి. మట్టి తీసేశాను కాబట్టే కదా తంటా, తిరిగి వేసేస్తే సరి. నాలుగు గుప్పెళ్ళు క్యానులో వేసి ఊపాను. రంగు అద్భుతంగా వచ్చింది. వాసనే కొంచెం తేడాగా వచ్చింది. తోటమాలి ముందు రోజే కుండీల్లో వేపపిండి వేశాడట.

మావ కంప్యూటరు ముందు నుంచి లేచి వచ్చేసరికే మా వంతు వచ్చింది. విశాఖపట్నం నుంచి వచ్చిన మేడం, కళ్ళజోడు పైనుంచి చూసే మనిషి, క్యాను మూత తీసి ముక్కు కాస్త వెనక్కి తీసుకున్నారు.

"ఇవి ఎక్కడి నీళ్ళు?"

"వంశధారండి."

"వంశధారకి వేపపిండి వాసన ఎప్పటినుంచి?"

మావ నావైపు తిరిగాడు. నేను మేడం వైపే చూస్తూ నిలబడ్డాను. "వరద కదండి. పైనుంచేదో కొట్టుకొచ్చుంటాది."

"పైనుంచి అంటే, ఒడిశా నుంచా?"

"అవునండి" అన్నాను. పాపం ఒడిశా, దానికీ గొడవకీ ఏం సంబంధం.

బీకర్లలో పోసి పటిక కలిపాం. యంత్రం తిరిగి ఆగింది. కుండీ మట్టి గులకరాళ్ళలా దబ్బున కిందికి దిగిపోయింది. వేపపిండి తీరిగ్గా పైకి తేలింది. మధ్యలో నీళ్ళు ఆరు బీకర్లలోనూ తేటగా నిలబడ్డాయి. మూడో బీకరులో ఒక వానపాము అటూ ఇటూ చూసి అడుగున పడుకుంది.

"పటిక వెయ్యని బీకరు కూడా తేటపడింది. దీనికి ఏం చెబుతారు?" అన్నారు మేడం.

"మా ఏరు మంచిదండి."

"అంత మంచిదైతే మీ ప్లాంటెందుకు? అందులో మీరిద్దరెందుకు?"

ఆవిడ ఫోను తీశారు. "చూడండి, పైనుంచి ఏదో కలిసిందని మీరే అంటున్నారు. అదే నిజమైతే పరీక్ష తర్వాత సంగతి. ఇప్పుడే మీ ప్లాంటుకి ఫోను చేసి పంపులు ఆపించాలి. మీ కింద ఎన్ని ఊళ్ళున్నాయి?"

"కళింగపట్నం దాకండి" అన్నాడు మావ మెల్లగా. తర్వాత నావైపు తిరిగి, ఇంకా మెల్లగా, "సూరీ, ఊళ్ళ మీదికి తేకురా" అన్నాడు.

అప్పటిదాకా సరదాగానే ఉంది నాకు. ఆ మాటతో, నా మూలంగా పంపులు ఆగిపోయి, బిందెలు పట్టుకుని ఊళ్ళకి ఊళ్ళు కుళాయిల దగ్గర నిలబడటం కళ్ళముందు కనిపించింది. ఒడిశాని వదిలేసి, చిల్లగింజల నుంచి వానపాము దాకా మొత్తం కక్కేశాను.

మేడం ఫోను కింద పెట్టారు. పెదవులు బిగబట్టుకున్నది కోపంతోనా, నవ్వుతోనా నాకు తెలియలేదు.

"ఎన్ని లీటర్లకి ఎన్ని గింజలు?"

"ఇరవైకి రెండండి."

"కలిపావా?"

"మగ్గుతోటి. ముందు బేగి బేగి, తర్వాత మెల్లగానండి."

"తేరడానికి ఎంతసేపు వదిలావు?"

"తెల్లారిదాకండి."

"అంటే పరీక్ష మొత్తం నువ్వు నిన్ననే లాడ్జిలో రాసేశావు. మార్కులు వెయ్యడానికి అక్కడ నేను లేను, అదే చిక్కు" అన్నారు. "నీళ్ళు తేర్చడం వచ్చినంత మాత్రాన ఆపరేటరు కాడు బాబూ. నది ఎలా వచ్చిందో అలా పుస్తకంలో రాసేవాడే ఆపరేటరు. నువ్వు వచ్చే బ్యాచికి రా."

మావ సంగతి వేరుగా చూశారు. విజయనగరం జట్టు క్యానులో మిగిలిన నాగావళి నీళ్ళు ఆయన ముందు పెట్టారు. ఆయన జన్మలో ముట్టుకోని నీళ్ళవి. మావ రెండు వేళ్ళ మధ్య రాసి, అలవాటు కొద్దీ వేళ్ళు ఖద్దరు చొక్కాకి తుడిచేసుకుని, "నాలుగో బీకరండి" అన్నాడు. నాలుగోదే తేటపడింది.

తిరుగు ఆటోలో మావ, "నాకు పాఠం సెప్పిన మేస్టారు తప్పీసినారు, నాను పాసైపోనాను. ఇదేటి నాయమో నాకు తెలీదురా" అన్నాడు. ఆటో అతను ఫక్కున నవ్వాడు.

ఆ తర్వాత నెలల తరబడి మావ కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టాడు, నేను బస్తాలు మోశాను. రోజూ పొద్దున్న ఆరు బీకర్లు నా ముందు పెట్టి చేయించాడు. పులుసు కాస్తా చారయింది, చారు కాస్తా నీళ్ళయ్యాయి. చివరికి చలికాలంలో రెండో బ్యాచికి పిలుపొచ్చింది.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది. చలికాలంలో వంశధార తనంతట తనే తేటగా పారుతుంది. క్యాను నిజాయితీగా నింపాను, మూత తాడుతో కట్టాను, దారిలో ఎక్కడా దిగలేదు. హాలులో ఆ మేడమే. మూత తీశారు. లోపల కొబ్బరినీళ్ళు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఈసారి ఎన్ని గింజలు?"

నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. మావ రాసిచ్చింది. "ఈ నీరు ఏటిలో నా ఎదురుగా పట్టినదే. సూరిబాబు చెయ్యి పెట్టలేదు." కింద సంతకం, దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో, "సర్టిఫికేటు ఉన్న ఆపరేటరు."

మేడం కాగితం మడిచి పక్కన పెట్టి, "సరే, మొదలుపెట్టు" అన్నారు. నేను ఒక బీకరు నింపి వెలుగుకి ఎత్తి చూశాను. మావ చెప్పిందే నిజం. ఇంత తేట నీళ్ళలో పటికకి పట్టుకోడానికేమీ ఉండదు.

"మేడం, దీనికి ముందు కొద్దిగా మట్టి కలపాలండి."

మేడం కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, శుద్ధి చేసిన బంకమట్టి డబ్బా నావైపు జరిపారు. "కుండీలోది మాత్రం వద్దు" అన్నారు. ఆ రోజే నాకు సర్టిఫికేటు ఖాయమైంది.

కాబట్టి, వంశధార సాక్షిగా, అరసవల్లి సూర్యుడి సాక్షిగా, మూడో బీకరులో పడుకున్న ఆ వానపాము ఆత్మసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నది ఇచ్చిన నీళ్ళు నది ఇచ్చినట్టే మోసుకెళ్తాను. మట్టి కలిపితే చెప్పి కలుపుతాను. ఒడిశాని ఒక్క మాట అనను. ఇక అరసవల్లిలో ఎప్పుడైనా లాడ్జిలో దిగాల్సి వస్తే, కట్టుబట్టలతో దిగుతాను గానీ చేతిలో క్యానుతో దిగను.