మోకరించినవారికే ప్రభు భోజనం

నందికొట్కూరు దగ్గర మా పల్లెలో సంఘపు చిట్టా రాసే పని చాలా ఏండ్లు నాదే. అందులో నా చేతితో రాయవలసివచ్చిన అవివేకాలన్నిటిలోకీ పెద్దది, ప్రభు భోజనం మోకరించినవారికే ఇవ్వవలెనన్న పెద్దల తీర్మానం.

నా చెల్లెలి కొడుకు మోకాళ్లు పుట్టుకతోనే వంగవు. ఆ కాళ్లు బరువూ మోయవు. జొన్నచేనికైనా ప్రార్థనకైనా ఆమె వాణ్ణి భుజాన వేసుకొనే వచ్చేది. ఈడొచ్చాక వాడు సంఘంలో చేరేముందు నేర్వవలసిన ప్రశ్నోత్తరాలన్నీ తప్పులేకుండా అప్పజెప్పాడు. ఆ ఈస్టరుకు మొదటిసారి భోజనం తీసుకోవాలి. పెద్దలు ముందుగానే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

"ఇద్దరం పట్టుకొని వంచుతాంలేమ్మా," అన్నాడొకాయన, అదేదో ఉపకారమైనట్టు.

"ఎద్దుకు నాడాలు కొట్టనీకి పడేసినట్ల పడేస్తారా నా బిడ్డను? ఆ కాళ్లిచ్చినోని దగ్గరికే గదప్పా వాడు వస్తాండేది!"

"కట్టడ కట్టడేమ్మా. తీర్మానం అయిపోయింది."

"నీకు కీళ్లు పట్టుకున్నప్పుడు చూస్తాలే నీ కట్టడ."

ఈసారికి వాణ్ణి వెనక కూర్చోబెట్టమనీ, తరువాత నేను మాట్లాడుతాననీ నచ్చజెప్పబోయాను.

"వెనక కూసోబెట్టనీకా అన్నా, ఇన్నేండ్లు మోసింది?"

ఈ పెద్దలతోనూ వేగలేము, ఈమెతోనూ వేగలేము.

ఈస్టరు నాడు భోజనానికి పిలవగానే ఆమె అందరికన్నా ముందు లేచి, వాణ్ణి పాదిరిగారి ఎదుట చాప మీద బోర్లా పడుకోబెట్టింది. "మోకాళ్లకన్నా ఇది తక్కువనా?"

"సాష్టాంగమా! ఇదేం గుడి అనుకున్నావు?" అని పెద్దలు లేచారు.

"అమ్మా, బోర్ల పండుకొని ఎట్ల మింగల్ల?" అన్నాడు వాడు. ఆడవాళ్ల వైపు నవ్వులు.

ముసలి పాదిరిగారు చాప మీద చతికిలబడి, వాణ్ణి లేపి కూర్చోబెట్టి, రొట్టె, పాత్ర అందించారు. కూర్చున్నాయన మళ్లీ లేవలేకపోయారు. తక్కిన వారందరూ, ఆ పెద్దలతో సహా, ఆయన ముందు కూర్చొనే తీసుకొన్నారు.

సాయంత్రం పెద్దలు వచ్చి, చిట్టాలో వాని పేరు పక్కన "కనికరించి ఇవ్వడమైనది" అని రాయమన్నారు. కనికరమట! పేరు మాత్రమే రాశాను.

చదువురాని నా చెల్లెలు ఆ పేరు మీద వేలు పెట్టించుకొని చూసింది. "కొసన రాసినావేమన్నా? ముందు తినింది వాడు గదా?"

"కొత్తగా చేరినవారిని కొసనే రాస్తారమ్మా. అది పద్ధతి."

"ఓహో, నీది గూడా కట్టడేనా!"

ఆ పుట నేను తిరగరాయలేదు. ఆమె చాలా దినాలు నాతో మాట్లాడనూలేదు.