చదివి వినిపించే కౌంటరు

మా ఇంట్లో అడ్వర్టైజ్‌మెంటు అన్న మాట తిట్టు కింద లెక్క. ఎవరైనా తన మార్కుల గురించి రెండోసారి చెబితే అమ్మ "చాల్లే నీ అడ్వర్టైజ్‌మెంటు" అనేది. ఇంటి గుట్టు పక్కింటికి పొక్కితే "ఈ అడ్వర్టైజ్‌మెంటు ఎవరి పని?" అని నిలదీసేది. అలాంటి ఇంట్లోంచి వెళ్లి మా అక్క ఒక పత్రిక ఆఫీసులో ప్రకటనలు తీసుకునే కౌంటర్లో కూర్చుంది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. రాసుకొచ్చిన ప్రకటనను తీసుకున్నవాళ్లు ఒకసారి పైకి చదివి వినిపించాలి, తప్పులు పోకుండా. మిగతావాళ్లు గొణిగి సరిపెట్టేవాళ్లు. అక్క మాత్రం వరసలో చివర నిలబడ్డవాడికి కూడా వినబడేలా చదివేది. చదివి, కళ్లజోడు మీంచి చూసి, "నిజమేనా?" అనేది.

ఒకసారి ట్యూషన్ మాస్టారొకాయన 'నూటికి నూరు శాతం ఉత్తీర్ణత' అని రాసుకొచ్చాడు.

"పరీక్ష ఎంతమంది రాశారు మాస్టారూ?"

"ఫలితం ముఖ్యం గానీ, ఎంతమందైతే ఏంటండీ?"

"అదే, ఎంతమంది?"

"ఒక్కడు. మా బావమరిది కొడుకు."

వరసంతా గొల్లుమంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంకో పత్రికకు వెళ్లాడు. వాళ్లు వేశారు కూడా.

నాలుగో ఏట బిల్డరొకడు 'స్టేషనుకు అయిదు నిమిషాల నడక' అంటూ ఇళ్ల ప్రకటన తెచ్చాడు. అక్కకు అనుమానం వచ్చింది. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆ స్థలం నుంచి స్టేషను దాకా నడిచింది. "కాళ్లు పీకుతున్నాయే అక్కా" అంటే, "ఉండు, ఆ ముక్క కూడా వేయిస్తా" అంది. వేయించలేదు గానీ, 'అయిదు' కొట్టేసి 'ఇరవై ఏడు' అని దిద్ది ప్రెస్సుకు పంపింది. అలాగే అచ్చయింది.

బిల్డరు ఆఫీసు మీద పడి నానా యాగీ చేశాడు. మేనేజరు అక్కను పిలిచాడు. "మనం అమ్మేది పేపర్లో చోటమ్మా, సత్యం కాదు."

"అయితే ఆ మాటే బోర్డు మీద రాయించండి సార్."

ఉద్యోగం తీసేయలేదు. చనిపోయినవాళ్ల ప్రకటనలు తీసుకునే బల్ల దగ్గరికి మార్చారు. అక్కడ నిజమేనా అని అడిగే అవసరం రాదని కాబోలు. పద్దెనిమిదేళ్లు ఆ బల్ల దగ్గరే ఉంది.

సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ అనేది: "ఇవాళ పదకొండుమంది పోయారే. పదకొండుమందీ మృదుస్వభావులే. మరి బస్సులో నన్ను రోజూ మోచేత్తో పొడిచేవాళ్లంతా చిరంజీవులా?"

"మరి వాళ్లనీ అడగొచ్చుగా, నిజమేనా అని?"

"ఏడుస్తున్నవాళ్లని ఏమడుగుతానే!" అని లోపలికి వెళ్లిపోయేది.

మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "నాకు వేసేటప్పుడు అబద్ధం వేయించకండే. అడిగేవాళ్లు ఎవరూ ఉండరుగా, వేసేస్తారు."

సరేనన్నాను. పది రోజులకు పోయింది.

అన్నయ్యా నేనూ అదే కౌంటరుకు వెళ్లాం. ఇప్పుడక్కడ అద్దం, అద్దం వెనక కంప్యూటరు, దాని వెనక ఒకమ్మాయి. నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. "ఆడవాళ్లకి అందరూ మూడో నంబరే తీసుకుంటారండీ" అంది, చీరల కొట్లో చెప్పినట్టు. అన్నయ్య తలూపాడు.

"అన్నయ్యా, అది వద్దందిరా. మాటిచ్చాను."

"పోయినదాని గురించి నాలుగు మంచి మాటలు పడితే నీ సొమ్మేం పోయిందే?"

"ఒకసారి చదివి వినిపించమ్మా" అన్నాను ఆ అమ్మాయితో.

"ఇప్పుడు చదవట్లేదు మేడమ్. స్క్రీన్ మీద చూసుకోండి."

నేనే చదివాను, వరసలో చివరివాళ్లకు వినబడేలా. "ప్రేమమూర్తి, మృదుభాషిణి, అజాతశత్రువు." చదివి అన్నయ్య వైపు తిరిగాను. "నిజమేనా?"

అన్నయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. స్క్రీన్ వైపు ఇంకోసారి చూశాడు. "మృదుభాషిణా! నా పెళ్లి ప్రకటనలో 'అందగాడు' కొట్టేసి 'బట్టతల మొదలైంది' అని వేయించిందే అది!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అన్నయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "మీ వదిన అది చూసే ఒప్పుకుందట. కొట్టేయించు. భయపడేవాళ్లం అని వేయించు."

"ఇలా ఎవరూ వేయించుకోరండీ" అంది ఆ అమ్మాయి.

వేయించుకున్నాం. 'ఈ పత్రికలో ఇరవై రెండేళ్లు ప్రకటనలు తీసుకున్నది. కటువుగా మాట్లాడేది. ఇంట్లో అందరం భయపడేవాళ్లం.' అంతే.

మర్నాడు పేపరు తీసి లెక్కపెట్టాను. ఆ పేజీలో తొమ్మిదిమంది పోయారు. ఎనిమిదిమంది మృదుస్వభావులు.