మస్తాన్ బాబాయ్ ఊడదీసిన వంటగట్టు

మంగళగిరిలో ఒక అపార్ట్‌మెంటులో వంటగది పని చూస్తుంటే తడి సిమెంటు వాసన గుప్పుమంది. వంటగదులు డిజైన్ చేయడమే నా వృత్తి కాబట్టి ఆ వాసన కొత్తేమీ కాదు. అయినా అది తగిలినప్పుడల్లా మా ఊరి మేస్త్రి మస్తాన్ బాబాయ్ గుర్తుకొస్తాడు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, మిరపకు కాస్త ధర పలికిన ఏడాది, అమ్మకు వంటగది కట్టించాలని నాన్న ముచ్చటపడ్డాడు. అంతవరకూ అమ్మ కింద కూర్చునే వండేది. పత్తి బండి మీంచి పడ్డప్పటి నుంచి ఆమె కుడి భుజం పైకి లేచేది కాదు. నాన్న దగ్గరున్న డబ్బుకు నాపరాయి వస్తే గొప్పే. మస్తాన్ బాబాయ్ ఒంగోలు వైపు రాళ్ల కోత దగ్గర పక్కన పడేసిన గ్రానైటు ముక్కలు ఏరుకొచ్చి, అతుకు కనబడకుండా గట్టు పరిచాడు. ఊరంతా వచ్చి చూసింది. “చాలా బాగుంది అన్నయ్యా” అంది అమ్మ.

పని పూర్తయ్యాక మేస్త్రికి భోజనం పెట్టి, కొత్త బట్టలు ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. ఆ రోజు బాబాయ్ విస్తరి ముందు కూర్చుని, తలుపులోంచి లోపలికి చూశాడు. అమ్మ పీట మీద నిలబడి, ఎడమచేత్తో కుడి మోచెయ్యి ఎత్తిపట్టుకుని, కాగే నూనెలోంచి గారెలు తీస్తోంది. మొహమంతా నొప్పే. బాబాయ్ ముద్ద ముట్టకుండా లేచాడు.

నాన్న కంగారుపడి, “ఏం మేస్త్రీ, ఏం తక్కువైంది?” అన్నాడు.

“ఎక్కువైందయ్యా. గట్టు ఎత్తు ఎక్కువైంది. చెప్పొద్దా చెల్లెమ్మా?”

అమ్మ తల దించుకుంది. “అంత ఖర్చు పెట్టాక ఏం చెప్పను అన్నయ్యా? మళ్లీ కింద కూర్చుని వండుకుందామనుకున్నా.”

“నువ్వు చెప్పలేదు సరే, నేనడిగానా? ఊరందరికీ ఒకటే కొలత పెట్టి కడుతున్నా, బుద్ధి లేకుండా!”

బట్టలు తీసుకోకుండా వెళ్లిపోయాడు. మర్నాడు ఉలి, సుత్తి పట్టుకొచ్చి తన పనిని తానే విప్పాడు. ఒక్క రాయికీ పెచ్చు లేవలేదు. చంటిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినట్టు ఒక్కొక్కటీ తీసి గోడకు ఆనించాడు. అమ్మ చేతికి అట్లకాడ ఇచ్చి నిలబెట్టి, భుజం కదలకుండా చెయ్యి ఎక్కడిదాకా అందిందో అక్కడ గోడ మీద సుద్దగీత గీశాడు. కాలేజీకి టైమైపోయినా నేను కదల్లేకపోయాను. మనిషి చేతుల్లో అంత నేర్పూ, తప్పు ఒప్పుకోవడంలో అంత దర్జా ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

కొత్త గట్టు ఆరాక అమ్మ పీట లేకుండా గారెలు వేసింది. బాబాయ్ చివరి గారె దాకా ఆమె భుజాన్నే చూసి, అప్పుడు కూర్చుని కడుపునిండా తిన్నాడు. బట్టలూ తీసుకున్నాడు.

నా దగ్గర పని చేయించుకున్నవాళ్లు “చాలా బాగుందండీ” అంటే ఇప్పటికీ నాకు భయమే. మొహమాటస్తులేమోనని. అందుకే సిగ్గు విడిచి, “ఒకపూట మీ ఇంటికి భోజనానికి వస్తానండీ” అంటాను. వడ్డించేవరకూ వంటగదిలోనే నిలబడతాను. ఇప్పటికి రెండుసార్లు అన్నం ముందునుంచి లేచాను.